వేలూరు కోటలోని మసీదు

చెన్నపురినుండి బెంగుళూరునకో, చిత్తూరు మీదుగా తిరుపతికో ప్రయాణము చేయు మన ఆంధ్ర సోదరులకు కాట్పాడి యనిన కాఫీకై దిగెడు ఒక కూడలి స్టేషను మాత్రమే. రోగులను వెంటబెట్టుకొని వచ్చువారికి మాత్రము అది వేలూరు ఆసుపత్రికి తలవాకిలి. రాయలసీమనుండియు, నెల్లూరు మండలమునుండియు వచ్చు తెలుగు కుటుంబములు అచ్చట ఎప్పుడును కనబడుచునే యుండును. వారు పాలారు వంతెన దాటి వేలూరు చేరుదురు. వైద్యుని పిలుపు వచ్చువరకు ప్రొద్దుపుచ్చుటకై కొందరు కోటకు పోవుదురు. అగడ్తను చూతురు, జలకంఠేశ్వరుని కల్యాణమంటపమునందలి స్తంభములను చూచి అబ్బురపడుదురు, విభూతి నుదుట నుంచుకొని మరలుదురు. ఆ ప్రాకారములోపలనే ఒక మసీదు గలదని ఎరిగినవారు కొలదిమంది. ఎరిగి చూడబోయినను, అందు నమాజు చేయువారు కానరారు. నమాజు చేయుటకు అనుమతి లేదు.

వేలూరునుగూర్చి ఆ ప్రాంతమున ఒక ఎగతాళి మాట చిరకాలముగా చెల్లుచున్నది. నీరులేని ఏరు, రాజులేని కోట, దేవుడులేని గుడి అని ఆ ఊరి లోపములను వరుసగా లెక్కించుట వాడుక. పాలారును వేసవిలో చూచినవారు మొదటి మాటను కాదనజాలరు. రెండవది అందరెరిగినదే. మూడవది 1981వ సంవత్సరమున అబద్ధమైనది. ఆ కథ ముందు చెప్పెదము. ఈ జాబితాను కూర్చిన చమత్కారులకు ప్రార్థనలేని మసీదు ఏల తోచలేదో! బహుశః గుడి యంతటి శిల్పవైభవము దానికి లేకపోవుటచే అది వారి కంట బడకపోయి యుండును. కాని చరిత్ర నెరుంగగోరువారు చిన్న కట్టడమని త్రోసిపుచ్చరాదు. ఈ మసీదు ఎవరిది, ఏల వెలసినది, ఏల మూగవోయినది యను ప్రశ్నలు వేలూరితోనే ముగియునవి కావు.

మసీదు యొక్క మూలరూపము మిక్కిలి సామాన్యమైనది. 622లో మహమ్మదు ప్రవక్త మక్కానుండి మదీనాకు తరలివచ్చిన పిమ్మట అచ్చట ఏర్పడిన ప్రార్థనాస్థలము ఇటుకగోడల నడుమనొక ఆవరణ. ఖర్జూరపు మ్రాకులే స్తంభములు, ఖర్జూరపు మట్టలే కప్పు. నేడు మసీదనిన మన కన్నులకు గట్టెడు మీనారులు గాని, పడమటి గోడలో మిహ్రాబను గూడు గాని నాడు లేవు. కావలసినది శుభ్రమైన నేల, తిరుగవలసిన దిక్కు, ఈ రెండే. ఆ దిక్కు మొదట యెరూషలేము. 624లో అది మక్కాకు మారినది. గూడువంటి మిహ్రాబు ఎనిమిదవ శతాబ్ది ఆరంభమున, ఉమయ్యదు ఖలీఫా వలీదు మదీనా మసీదును పునర్నిర్మించినపుడు వెలసినదని పండితులందురు. మన దేశము మక్కాకు తూర్పుననున్నది గనుక మన మసీదులన్నియు పడమర చూచును. ఇస్లాము ఈ ఉపఖండమునకు వచ్చిన తొలినాళ్ల జాడలు సింధుదేశపు సముద్రతీరమున గలవు. అచ్చటి భన్‌భోరు త్రవ్వకములలో బయల్పడిన మసీదు శాసనము హిజరీ 109వ సంవత్సరమునకు, అనగా 727వ సంవత్సరమునకు చెందినది.

ఇంత దూరపు కథకును వేలూరునకును ఏమి సంబంధమని పాఠకులడుగవచ్చును. సంబంధము కలదు. ఆర్కాటును మొదట ఏలిన నవాబులును, వారి బంధువులై వేలూరు కోటను ఏలిన కిల్లాదారులును నవాయతు వంశీయులు. ఇరాకు దేశము నేలిన హజ్జాజు అను ప్రభువు క్రౌర్యమునకు వెరచి, తమ పూర్వులు ఓడలెక్కి కొంకణ తీరమున దిగిరని నవాయతుల వంశకథ. హజ్జాజు చారిత్రక పురుషుడే; 694 మొదలు 714లో మరణించువరకు ఇరాకునకు అధిపతిగానుండెను. వంశకథలోని ప్రతి మాటను నమ్మవలెనని మేమనము. రాజులైనవారెల్లరు తమకొక ప్రాచీనమూలమును వెదకికొందురు. మన రాజవంశములు సూర్యచంద్రులవరకు ప్రాకలేదా? ఐనను అరబ్బు వర్తకులు పడమటి తీరమున తొలి శతాబ్దులనుండియు కాపురముండిరనుట నిర్వివాదము. కావున వేలూరు మసీదు వయస్సున చిన్నదైనను, దాని కాలమున కోట నేలిన కుటుంబము తన మూలమును ఇస్లాము తొలి శతాబ్దియందే చూచుకొనినది.

తెలుగునాట తేదీ నిశ్చయముగా తెలిసిన ప్రాచీన మసీదు రాజమహేంద్రవరమున గలదు. దాని ద్వారమునందలి పారసీక శాసనము 1324వ సంవత్సరమునాటిది. ఘియాసుద్దీను తుగ్లకు ఢిల్లీ నేలుచుండగా, ఆయన కుమారుడు ఉలూఘుఖాను 1323లో ఓరుగల్లును పట్టిన మరుసటి యేడే అది వెలసినది. కట్టించినవాడు సాలారు ఉల్వీ. అచ్చట అంతకుముందు వేణుగోపాలుని ఆలయముండెనని ఊరివారు చెప్పుదురు. అది జయించినవాడు పాతిన గురుతు. విజయనగరమున మరియొక విధమైన మసీదు కలదు. అహమదుఖాను అను ముసల్మాను సేనానాయకుడు 1439లో, తన ప్రభువగు రెండవ దేవరాయలకు పుణ్యముగా దానిని కట్టించెను. శాసనమున దానికి వ్రాయించిన పేరు ధర్మశాల. హిందూరాజునకు పుణ్యము రావలెనని ముసల్మాను మసీదు కట్టించుటయు, దానిని ధర్మశాల యని పేర్కొనుటయు నేటి మన వాగ్వాదములను వినువారికి వింతగా తోచవచ్చును. ఆనాటివారికి వింత కాలేదు. దేవరాయల సైన్యమున ముసల్మాను విలుకాండ్రు, అశ్వికులు పెక్కురుండిరి, వారికి ప్రార్థనాస్థలము కావలసియుండెను, అంతియే.

వేలూరు మసీదు ఈ రెండు తెగలలో దేనికి చెందును? మా యభిప్రాయమున దేనికిని చెందదు. ఏలయనగా, అది వెలయునాటికి కోట ముసల్మాను ప్రభువుల చేతికి వచ్చి తరములు గడచినవి. అది జయస్తంభము కాదు, రాజుయొక్క దానమును కాదు. కోటలో కాపురమున్నవారు తమ నిత్యకృత్యమునకై కట్టుకొనిన ఇల్లు. దీనిని గ్రహించుటకు కోట కథను కొంత తెలియవలెను.

సుమారు 133 ఎకరముల మేర వ్యాపించిన ఈ కోట పదునారవ శతాబ్దమున విజయనగర చక్రవర్తి సదాశివరాయల కాలమున వెలసినది. దీనిని కట్టించినవాడు చిన్నబొమ్మ నాయకుడని ప్రతీతి. అప్పయ్య దీక్షితులను ఆదరించి పోషించిన ప్రభువాయనయే. పిమ్మట ఆరవీటి వేంకటపతిరాయలు చంద్రగిరి విడిచి, 1606 ప్రాంతమున వేలూరును రాజధానిగా జేసికొనెను. విజయనగర సామ్రాజ్యపు కడపటి దీపము వెలిగినది ఈ గోడలలోనే. ఆ దీపము నెత్తుటిలో ఆరిన వైనము మనవారు మరువదగినది కాదు. 1614లో రాయలు మరణింపగా, ఆయన కోరిన వారసుడగు శ్రీరంగరాయలను జగ్గరాయలు ఈ కోటలోనే చెరబట్టి భార్యాబిడ్డలతో గూడ చంపించెను. ఒక్క పిల్లవాడు మాత్రము మిగిలెను. వెలుగోటి యాచమనాయని యుపాయమున ఒక చాకలి ఆ బాలుని బట్టల మూటలో దాచి కోట దాటించెనని, ఆ కాలపు పోర్చుగీసు పాదిరియగు బర్రదాసు వ్రాసిపెట్టినాడు. ఆ బాలుడే రామదేవరాయలు. పిమ్మట తోపూరు యుద్ధమున జగ్గరాయలు హతుడయ్యెను.

తరువాతి కథ వేగముగ నడచినది. పదునేడవ శతాబ్దపు నడుమ కోట బిజాపూరు సుల్తానుల వశమయ్యెను. 1677లో శివాజీ సైన్యములు ముట్టడించి, పదునాలుగు నెలలు కాచుకొని, 1678లో పట్టుకొనినవి. 1708లో మొగలాయి సేనాని దావూదుఖాను మహారాష్ట్రులనుండి దీనిని గైకొనెను. అటుపిమ్మట ఆర్కాటు నవాబుల బంధువర్గమునకు ఈ కోట జాగీరై, క్రమముగ నవాబు దోస్తు ఆలీ అల్లుడగు మురతజా ఆలీ చేతికి వచ్చెను.

ఈ మురతజా ఆలీ కాలమే మనకు ముఖ్యము. ఏలయనగా మసీదు కట్టిన కాలము సుమారు 1750 అని సాధారణముగా చెప్పబడుచున్నది. ఆ దశాబ్దమున ఈ సీమలో గడచినన్ని ఉపద్రవములు మరెన్నడును గడచి యుండవు. 1740లో రఘోజీ భోంసలే మహారాష్ట్ర సేనలతో కనుమలు దిగివచ్చెను. చిత్తూరు సీమలోని దామలచెరువు కనుమవద్ద దోస్తు ఆలీ యుద్ధమున గూలెను. ఆయన కుమారుడు సఫ్దరు ఆలీ మహారాష్ట్రులకు ధనము నొప్పుకొని రాజ్యము నిలుపుకొనెను గాని, ఆ ధనమెక్కడిది? బంధువులగు కిల్లాదారులనుండి రాబట్టవలసి వచ్చెను. వారిలో మిక్కిలి ధనికుడు, మిక్కిలి లోభి మురతజా ఆలీ. 1742లో సఫ్దరు ఆలీ వేలూరునకు వచ్చి, ఈ కోటలో తన బావమరది యింటనే హత్య చేయబడెను. బంధువు ఇంట బంధువు చంపబడుట ఈ కోటలో జగ్గరాయల తరువాత ఇది రెండవసారి. 1749లో ఇక్కడికి ఎంతో దూరముకాని ఆంబూరువద్ద నవాబు అన్వరుద్దీను చందాసాహేబు చేతను, ఫ్రెంచివారి చేతను హతుడయ్యెను. 1751లో క్లైవు ఆర్కాటులో ముట్టడికి గురియయ్యెను.

ఈ గందరగోళమునడుమ ఒక మసీదు! మనకాశ్చర్యము కలుగవచ్చును. కాని కోటలో సైనికులు, గుమాస్తాలు, అంతఃపురపు జనులు, సేవకులు వందలకొలది కాపురముండిరి. ముట్టడి జరుగుచున్నను జరుగకున్నను దినమున కైదుసారులు నమాజు వేళ కాక మానదు. యుద్ధకాలములో కోట తలుపులు మూసినచో బయటి మసీదునకు పోవుటెట్లు? ఈ కారణమే చాలును. గొప్ప కారణములు వెదకనక్కరలేదు.

ఐనను జనులు గొప్ప పేర్లనే కోరుదురు. కోటలో హైదరు మహలు, టిప్పు మహలు అను భవనములుండుటచే మసీదును గూడ ఆ తండ్రికొడుకులకే అంటగట్టువారు కలరు. ఇది నిలువదు. హైదరాలీ 1780 మొదలుకొని వేలూరును ముట్టడించిన మాట నిజము. కాని కోటను పట్టలేదు. లోపలి ఆంగ్లేయ సైన్యము ఆకలితో మాడుచుండగా, సర్ అయిరు కూటు పలుమారులు ధాన్యము చేరవేసి నిలిపెను. 1782 చివర హైదరు చిత్తూరు సమీపమున మరణించెను. టిప్పు ఏనాడును వేలూరు నేలలేదు. మహళ్లకు ఆ పేర్లు వచ్చుట వారి విజయమువలన గాదు, వారి వంశముయొక్క నిర్బంధమువలన. 1799లో శ్రీరంగపట్టణము పడి టిప్పు మరణించిన పిమ్మట ఆయన కుమారులను, అంతఃపురమును ఆంగ్లేయులు ఈ కోటలో నుంచిరి. అప్పటికి మసీదు పుట్టి అర్ధశతాబ్దము కావచ్చెను. చెరసాలకు ఖైదీ పేరు వచ్చినంతమాత్రమున ఖైదీయే దానిని కట్టించెననుట చరిత్ర కాజాలదు.

ఆ ఖైదీలున్న కాలముననే 1806 జూలై 10వ తేదీ సిపాయిల తిరుగుబాటు జరిగినది. 1805 నవంబరులో సైన్యాధిపతి సర్ జాన్ క్రాడకు క్రొత్త ఉడుపు నియమములు విధించెను: నుదుట బొట్టు, నామము ఉండరాదు, గడ్డములు కత్తిరింపవలెను, క్రొత్త రకపు తలపాగా ధరింపవలెను. ఒక్క ఉత్తరువుతో హిందువు నుదురును, ముసల్మాను గడ్డమును ఒకేసారి తాకిన ప్రజ్ఞ దొరలది! తమిళులు, తెలుగులు, ముసల్మానులు కలిసియున్న చెన్నపురి పటాలములు కలిసియే తిరుగబడెను. ముందునాడు టిప్పు కుమార్తెలలో ఒకామెకు కోటలో వివాహము జరిగెను. ఆ సందడిలో సిపాయిలు గుమిగూడిరందురు. తెల్లవారకముందే 14 మంది దొరలను, 69వ పటాలపువారిని 115 మందిని చంపి, మైసూరు జెండా నెత్తిరి. ఆర్కాటునుండి గిలెస్పీ గుఱ్ఱపు దళముతో వచ్చి ఆ పగలే అణచెను. చంపబడిన సిపాయిలు దాదాపు 350 మంది యని ఒక లెక్క. క్రాడకును, గవర్నరు బెంటింకును వెనుకకు పిలువబడిరి. టిప్పు కుమారులు కలకత్తాకు తరలింపబడిరి. 1857కు అర్ధశతాబ్దము ముందుగనే మతచిహ్నముల జోలికి పోయినచో ఏమగునో ఈ కోట చూపినది.

తిరుగుబాటు తరువాత కోట పూర్తిగ ఆంగ్లేయ సైనికస్థావరమై నిలిచినది. జలకంఠేశ్వరుని గుడిలో లింగము అప్పటికే లేదు. కోట పరుల పాలైన కాలముననే దానిని తరలించిరని పెద్దలందురు. ఆ లింగము సమీపమునగల సత్తువాచ్చారి గ్రామమున పూజలందుకొనుచుండెను. ఖాళీయైన గుడిని సైనికులు ఆయుధాగారముగా వాడుకొనిరి. 1846లో కోటలోపల సైనికులకై సెంటు జాను దేవాలయము కట్టబడెను. అందు క్రైస్తవారాధన నేటికిని జరుగుచున్నది. ఇట్లు మూడు మతముల మందిరములు ఒకే ప్రాకారమున చేరినవి. పిమ్మట కోట పురావస్తు శాఖవారి రక్షణకు వచ్చెను.

1981 మార్చి 16వ తేదీన సత్తువాచ్చారినుండి లింగమును మూతవేసిన లారీలో కోటకు తెచ్చి గర్భగృహమున పునఃప్రతిష్ఠించిరి. జిల్లా అధికారుల తోడ్పాటు దీనికి కలదు. పురావస్తు శాఖవారి సమ్మతి మాత్రము లేదు. రక్షిత కట్టడమున క్రొత్తగా ఆరాధన ఆరంభింపరాదని వారి వాదము. వాదము వాదముగనే నిలిచినది, పూజ పూజగనే సాగినది. తరతరములుగ దేవుడులేక పాడువడియున్న గుడిలో దీపము వెలుగుట చూచి వేలూరి జనులు పొందిన యానందమును మేము తక్కువ చేయజాలము. అట్టి గుడిని ఆయుధముల కొట్టుగా జేసిన అపచారమునకు అది కొంత నిష్కృతి.

కాని ఆనాటినుండియు మసీదు ప్రశ్న మరియొక విధముగ మన ముందు నిలిచినది. వేలూరు ముసల్మానులు, గుడిలో పూజకు అవకాశము లభించినట్లే మసీదులో నమాజుకును అవకాశము కావలెనని కోరుచు వచ్చిరి. శాఖవారు కాదనిరి. వారికి మసీదుల కొరత లేదు. పందొమ్మిదవ శతాబ్దమున నెలకొని దక్షిణదేశమంతట పేరెన్నిక గన్న బాఖియాతు సాలిహాతు అరబ్బీ కళాశాల ఆ పట్టణముననే యున్నది. కాబట్టి ఇది నమాజుకు చోటు చాలకపోవుటచే కలిగిన కోరిక గాదు. ఒక ఇంటిలో ముగ్గురు పిల్లలుండగా ఇద్దరికి తలుపు తీసి, మూడవవానికి మూయుటేమని అడుగుట.

ఇచ్చట చట్టమేమనునో న్యాయవాదులైన మన పాఠకులెరుగుదురు. తక్కినవారికై కొంత చెప్పెదము. 1958 నాటి ప్రాచీన కట్టడముల చట్టము ఆరాధన జరుగుచుండిన రక్షిత మందిరమును దాని స్వభావమునకు విరుద్ధముగ వాడరాదని శాసించుచున్నది. దీనినిబట్టి శాఖవారు పాటించు నియమమిది: రక్షణలోనికి తీసికొనునాటికి పూజ గాని నమాజు గాని జరుగుచుండినచో అది సాగవచ్చును, నిలిచిపోయి యుండినచో మరల ఆరంభింపరాదు. ఆలయ మసీదుల స్వరూపమును 1947 ఆగస్టు 15 నాటి స్థితిలో నిలిపిన 1991 నాటి చట్టము గూడ ఈ రక్షిత కట్టడములను తన పరిధినుండి మినహాయించినది. నియమము స్వభావముచేత చెడ్డది కాదు. దేశమునందలి వేలకొలది శిథిల మందిరములలో ఎవరికి తోచినట్లు వారు ఆరాధన మొదలిడినచో శిల్పములు మిగులవు, శాంతియు మిగులదు. నూనె మసియు, సున్నపు పూతయు, సిమెంటు గచ్చును ఎన్ని శాసనములను మింగినవో పురాతత్త్వజ్ఞులు కన్నీటితో చెప్పుదురు.

ఐనను వేలూరున ఆ నియమము ఒకసారి భంగమైనది. భంగమును ప్రభుత్వము సహించినది. సహించిన పిమ్మట, రెండవ మందిరమువారితో “నియమము నియమమే” యనుట వినువారికి ధర్మముగ తోచదు. గుడిలో పూజ మానిపింపవలెనని మా మాట కాదు. అట్టి తలంపు అవివేకము. రేపే మసీదు తలుపు తెరచి జనసమూహమును పంపవలెనని గూడ మేమనము. సాధ్యాసాధ్యములు అక్కడి ఇరుపక్షముల పెద్దలును, అధికారులును కూర్చుండి తేల్చుకొనవలసినవి. శుక్రవారమునకో, పండుగలకో పరిమితమైన ఏర్పాటు ఆలోచింపదగినదని మాకు తోచుచున్నది. ఇతర రక్షిత మసీదులలో శుక్రవారపు నమాజు సాగుటకు ఉదాహరణ తాజుమహలు మసీదే. ప్రతి శుక్రవారము సందర్శకులకు ఆవరణ మూసి, స్థానికులకు నమాజు వేళ తెరచుచున్నారు. అచ్చట ఆచారము తెగలేదు, ఇచ్చట తెగినది అను భేదము కలదు, నిజమే. ఆ భేదమును దాపరికము లేక విప్పి చెప్పుటయైన చేయవచ్చును గదా.

ఇంతలో ఖర్చులేని పని యొకటి కలదు. కోటకు వచ్చువారికి ఈ మసీదు కథను తెలుపునట్టి పలకనొకదానిని దానిచెంత నిలుపవలెను. అందు తమిళమున, ఆంగ్లమున, వచ్చువారిలో మనవారే పెక్కురు గనుక తెలుగునను వ్రాయింపవలెను: సుమారు 1750 నాటిదనియు, నవాయతు కిల్లాదారుల కాలమున కోటలోపలి కాపురస్థులకై వెలసినదనియు, టిప్పు దానిని కట్టించినవాడు కాడనియు, ఇప్పుడు అందు నమాజు ఎందుచేత లేదో ఆ కారణమును. ఆసుపత్రి పిలుపునకై ఎదురుచూచుచు కోటకు వచ్చిన చిత్తూరు రైతు గుడినుండి మరలివచ్చుచు, ఆ నాలుగు పంక్తులు చదివికొని, తన ప్రక్కనున్న గుడియాత్తము సాయబును దానినిగూర్చి అడుగవచ్చును.